తలమీది అమ్మవారు: తమిళ కరగం, గోదావరి గరగ

తమిళనాట మారియమ్మన్ ఉత్సవాలలో అలంకరించిన కుండను తలపై నిలిపి, చేత్తో పట్టుకోకుండా, నాదస్వరం, తవిల్ లయకు తగినట్లు చేసే జానపద నృత్యాన్ని కరగాట్టం అంటారు. కరగం అంటే నీటికుండ. సంస్కృతంలో ‘కరకం’ అన్నా అదే అర్థం. గోదావరి డెల్టాలో గ్రామదేవతల జాతరలకు ముందు డప్పుల మోతతో వీధివీధికీ తిరిగే గరగ ఈ కరగానికి తోబుట్టువు. పేరులోనూ, కొలిచే శక్తిలోనూ, కుండను శిరస్సున ధరించే పద్ధతిలోనూ రెండింటికీ దగ్గరితనం స్పష్టంగా కనిపిస్తుంది. అయినప్పటికీ తమిళ కరగం లోకానికి ప్రధానంగా నాట్యంగా తెలియగా, గోదావరి గరగ ఇప్పటికీ చాలా ఊళ్లలో అమ్మవారి రాకగానే గుర్తింపు పొందుతున్నది. ఈ తేడా అర్థం కావాలంటే అడుగులను, విన్యాసాలను కాసేపు పక్కనబెట్టి, ముందుగా కుండ సంగతి తెలుసుకోవాలి.

ఈ రెండు సంప్రదాయాలనూ కలిపి చూడడానికి యానాం అనువైన చోటు. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట, సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న ఈ పట్టణంలో ఫ్రెంచివారు 1723లో అడుగుపెట్టారు. 1954 నవంబర్ 1న అది ఆచరణలోనూ, 1962 ఆగస్టు 16న చట్టరీత్యానూ భారతదేశంలో కలిసింది. పాలన అంతా 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి నుంచి జరుగుతుంది. భాష, పంట, పండుగ, వియ్యం అన్నీ చుట్టూ ఉన్న కోనసీమ, కాకినాడ ప్రాంతాలతో పెనవేసుకొని ఉంటాయి. అదే పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని తమిళ గ్రామం వీరాంపట్టణంలో ఆడి మాసంలో జరిగే సెంగళునీర్ అమ్మన్ రథోత్సవంలో ఒకప్పుడు ఫ్రెంచి గవర్నర్లు, నేడు లెఫ్టినెంట్ గవర్నర్లు తేరు తాడు పట్టి లాగడం ఆనవాయితీ. ఒకే ప్రభుత్వం కింద ఉన్న ఈ రెండు చోట్లా అమ్మవారి కొలుపు ఉంది. అయితే యానాం పరిసరాల్లోని జాతర తీరు పుదుచ్చేరిది కాదు, గోదావరిది. పాలనకు గీసిన సరిహద్దులను గ్రామదేవత ఎన్నడూ పట్టించుకోలేదు. ఆమెకు తెలిసిన హద్దు ఊరి పొలిమేర ఒక్కటే.

గ్రామదేవత అంటే శాస్త్రోక్త ప్రతిష్ఠ, వేదమంత్రాలు, వంశపారంపర్య అర్చకత్వం ఉన్న పెద్ద ఆలయాల దేవి కాదు. యానాంకు చేరువలోని ద్రాక్షారామంలో మాణిక్యాంబ, ఆ పైన పిఠాపురంలో పురుహూతిక అష్టాదశ శక్తిపీఠాల దేవతలుగా ఆగమ విధి ప్రకారం పూజలు అందుకుంటారు. ఊరి అమ్మవారికి పూజ చేసేది ఎక్కువగా బ్రాహ్మణేతర కులాలవారు. ఆమె గుడి చిన్నది, చాలాచోట్ల వేపచెట్టు కిందనో, చెరువు గట్టు మీదనో ఉంటుంది. అమలాపురం సుబ్బాలమ్మ, రాజమహేంద్రవరం సోమాలమ్మ, పెద్దాపురం మరిడమ్మ, కాండ్రకోట నూకాలమ్మ, తుని దగ్గర లోవ తలుపులమ్మ, భీమవరం మావుళ్లమ్మ ఈ కోవలోనివారే. వీరిలో కొందరి ఆలయాలు కాలక్రమంలో గోపురాలతో, దేవాదాయశాఖ అధికారులతో పెద్దవైపోయినా, జాతర సమయానికి ఊరి పద్ధతి మళ్లీ ముందుకు వస్తుంది. పండితులు గ్రామదేవతను పార్వతికి మరో రూపమని సమన్వయం చేస్తారు గానీ, ఊరివారికి ఆమె ముందుగా ఆడపడుచు, ఆ తరువాతే జగన్మాత.

ఈ ఆడపడుచు తలంపే గరగ ఆచారానికి ఆయువుపట్టు. ఏడాదంతా గుడిలో ఉన్న అమ్మవారిని చూడడానికి ఊరు వెళుతుంది. జాతర రోజుల్లో ఊరిని చూడడానికి అమ్మవారే బయలుదేరుతుంది. గుడిలోని మూలవిగ్రహం కదలదు కనుక, ఆమె శక్తిని కుండలోకి ఆవాహన చేసి, ఆ కుండను మనిషి తలకెత్తుతారు. ఆ క్షణం నుంచి అది పాత్ర కాదు, అమ్మవారు. మోసేవాడు ఆ కొద్దికాలం వాహనం వంటివాడు. అందుకే గరగ ఎత్తే వ్యక్తి ఉపవాసంతో, నియమంతో ఉండాలని పెద్దలు పట్టుబడతారు. గరగ ఇంటి ముందుకు రాగానే ఇల్లాలు బిందెతో పసుపు నీళ్లు తెచ్చి అతని పాదాల మీద పోసి, వేపమండలతో దిష్టి తీసి, పసుపు కుంకుమలు, రవిక గుడ్డ, బియ్యం, డబ్బు సమర్పిస్తుంది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు చేసే మర్యాద అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలను గరగ కింద నిలబెట్టి దీవెన తీసుకోవడం, జబ్బుపడినవారిని వాకిట్లోకి తెచ్చి చూపించడం కూడా అందులో భాగమే.

గరగను సాధారణంగా చెక్కతోనో, ఇత్తడితోనో చేస్తారు. మట్టికుండలు వాడే చోట్లు కూడా ఉన్నాయి. అడుగుభాగం కుండలా గుండ్రంగా ఉండగా, పైభాగం పాము పడగ ఆకారంలో తీర్చి ఉండడం గోదావరి గరగలలో తరచుగా కనిపించే లక్షణం. దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు, పూలదండలు కట్టి, తలపై చుట్టకుదురు మీద నిలుపుతారు. మోసేవారు ఎక్కువగా పురుషులే. కుచ్చుల అంచులున్న రంగురంగుల పావడా వంటి వస్త్రం, కాళ్లకు గజ్జెలు, చేతిలో వేపమండ వారి వేషం. డప్పులు, డోలు తప్పనిసరి. కొన్నిచోట్ల సన్నాయి తోడవుతుంది. వాద్యం నెమ్మదిగా ఉన్నంతసేపూ నడక నడకగానే ఉంటుంది. డప్పు ఉద్ధృతమయ్యే కొద్దీ ఆ నడకే చిందుగా మారుతుంది. ఈ వరుస గమనించదగ్గది. నాట్యం కోసం కుండను ఎత్తలేదు. కుండను మోస్తూ నడవవలసి రావడం వల్ల, ఆ నడకకు డప్పు తోడు కావడం వల్ల నాట్యం పుట్టింది.

కుండకే ఇంత మహిమ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు దక్షిణాది అంతటా చెప్పుకొనే రేణుక కథ ఒక సమాధానం. జమదగ్ని మహర్షి భార్య రేణుక రోజూ నదికి వెళ్లి, తడి ఇసుకతో అప్పటికప్పుడు కుండ చేసి, పామును చుట్టకుదురుగా తలపై పెట్టుకొని, ఆ కుండతో నీళ్లు మోసుకొచ్చేదట. కాల్చని ఇసుక కుండ నిలబడడం ఆమె పాతివ్రత్య మహిమ. ఒకనాడు నీటిలో గంధర్వుని నీడ చూసి క్షణకాలం మనసు చలించడంతో కుండ కరిగిపోయింది. ఆగ్రహించిన ముని ఆజ్ఞపై కుమారుడు పరశురాముడు తల్లి తల నరికి, తరువాత వరంగా ఆమె ప్రాణాన్నే కోరుకున్నాడు. బతికించే తొందరలో ఆమె తల మరో కులపు స్త్రీ మొండేనికి, ఆ స్త్రీ తల రేణుక మొండేనికి అతుక్కున్నాయని, అలా ఎల్లమ్మ, మారెమ్మ అనే దేవతలు వెలిశారని పల్లె కథనాలు చెబుతాయి. ఎవరు ఎవరన్న వివరాలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఈ కథ ఎరిగినవారికి గరగ మీది పాము పడగ కేవలం అలంకారమని అనిపించదు. అయితే గరగ పూజ అంతా ఈ కథలోంచే పుట్టిందని తేల్చడం తొందరపాటు. కుండను దేవతగా కొలిచే ఆచారం ముందు ఉండి, దానికి కారణం చెప్పడానికి కథ తరువాత వచ్చి ఉండడానికే అవకాశం ఎక్కువ.

రెండో సమాధానం రోగానిది. మశూచి సోకితే ‘అమ్మవారు పోసింది’ అనడం తెలుగునాట మొన్నమొన్నటి వరకూ మామూలు మాట. కలరాను మరిడి అనేవారు, పెద్దాపురం అమ్మవారు మరిడమ్మ. వేసవి ముదిరి తాగునీరు చెడిపోయే రోజుల్లో, వానలు మొదలయ్యే ఆషాఢంలో ఈ వ్యాధులు ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టేవి. ఒంట్లోని వేడి అమ్మవారి ఆగ్రహమని, ఆమెను చల్లబరిస్తే రోగం తగ్గుతుందని నమ్మకం. వేపాకు, పసుపు, చన్నీళ్లు, పానకం, చలిమిడి అన్నీ చల్లదనం కోసమే. నీటికుండ ఆ చల్లదనానికి రూపం. తుపానులు, వరదలు తరచుగా తాకే ఈ తీరంలో భయానికి రోగమొక్కటే కారణం కాదు. 1839 నవంబర్ తుపానుకు యానాం పొరుగు రేవు కోరంగి తుడిచిపెట్టుకుపోయింది. 1996 నవంబర్ 6 నాటి తుపాను కోనసీమనూ, యానాంనూ ఛిద్రం చేసింది. మశూచి మాత్రం ప్రపంచం నుంచే నిర్మూలమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. రోగం పోయినా అమ్మవారు పోలేదు. పంట, పెళ్లి, సంతానం, విదేశీ ఉద్యోగం వంటి కొత్త మొక్కులు ఆ ఖాళీని భర్తీ చేశాయి.

తమిళ కరగం చరిత్ర కొంత భిన్నమైనది. కుండతో ఆడే ఆటకు తమిళ సాహిత్యంలో చాలా పాత ప్రస్తావన ఉంది. ‘శిలప్పదికారం’లో నర్తకి మాధవి ప్రదర్శించే పదకొండు రకాల నృత్యాలలో కుడక్కూత్తు ఒకటి. కుడం అంటే కుండ. బాణాసురుని చెరలో ఉన్న మనుమడు అనిరుద్ధుణ్ణి విడిపించడానికి కృష్ణుడు ఆ నగర వీధుల్లో ఆడినదిగా దానికి ఐతిహ్యం. శీర్గాళి దగ్గరి తిరునాంగూర్ దివ్యదేశాలలో ఒకచోట పెరుమాళ్లకు ‘కుడమాడుకూత్తన్’, అంటే కుండాట ఆడినవాడు అని పేరు. అంటే తమిళనాట కుండనృత్యం ఒకవైపు వైష్ణవ పురాణంతోనూ, మరోవైపు మారియమ్మన్ కొలుపుతోనూ ముడిపడి, చాలా ముందుగానే కళగా పేరు తెచ్చుకుంది. నేటి కరగాట్టం ఆ పాత కుడక్కూత్తు నుంచి నేరుగా దిగివచ్చిందని కొందరు పండితులు అంటారు. రెంటి మధ్య ఉన్న శతాబ్దాల దూరాన్ని ఒక్క పోలికతో దాటేయడం సాహసమే గానీ, కుండను ఎత్తి ఆడే తలపు ఆ నేలకు కొత్తది కాదన్నంత వరకు ఒప్పుకోవచ్చు.

నేడు తమిళనాట కరగం రెండుగా విడిపోయింది. మొదటిది శక్తి కరగం: ఆలయ ఉత్సవంలో నది లేదా చెరువు నీటితో కుండను నింపి, పూలు, వేపాకులతో ఎత్తుగా కట్టి, వ్రతంలో ఉన్న పూజారి లేదా భక్తుడు తలపై గుడికి తీసుకువెళ్లేది. రెండోది ఆట్ట కరగం, అంటే ఆట కోసం ఎత్తే కరగం: ఇక్కడ నీటికి బదులు బియ్యమో, ఇసుకో నింపిన లోహపు చెంబు, దాని మీద కాగితపు అలంకారం, కొసన గిరగిరా తిరిగే చిలుక బొమ్మ ఉంటాయి. దీనికి నైయాండి మేళం అనే వాద్యబృందం తోడుంటుంది. నాదస్వరాలు, తవిల్, పంబై, తముక్కు, తాళం అందులో ముఖ్యమైనవి. ఆట్ట కరగంలో స్త్రీలే ఎక్కువ. తలమీది కరగం కదలకుండా నిచ్చెన ఎక్కడం, నేల మీద పడుకొని లేవడం, సూదిలో దారం ఎక్కించడం వంటి విన్యాసాలు వారి నేర్పు. 1989లో గంగై అమరన్ దర్శకత్వంలో, ఇళయరాజా సంగీతంతో వచ్చిన ‘కరగాట్టక్కారన్’ చిత్రం ఘనవిజయం సాధించి, ఈ కళాకారుల బతుకును తమిళ ఇళ్లన్నింటికీ పరిచయం చేసింది.

కుండ పడకుండా నిలవడంలో మాయ లేదు. బరువు అడుగుభాగంలో ఉండేలా నింపడం, చుట్టకుదురు నెత్తికి గట్టిగా అమరడం మొదటి రెండు జాగ్రత్తలు. బరువైన వస్తువు ఒరగడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఆ లోపల మెడతో దాన్ని సరిదిద్దుకొనే అవకాశం దొరుకుతుంది. అందుకే ఖాళీ కుండ కంటే అడుగున బరువున్న కుండను నిలపడం సులభం. శిక్షణ పొందిన కళాకారుల తల, మెడ దాదాపు ఒకే మట్టంలో ఉండగా, అదురు అంతటినీ మోకాళ్లు, నడుము తమలో ఇముడ్చుకుంటాయి. నీళ్ల బిందెలు మోసుకొచ్చిన పల్లె స్త్రీలందరికీ తెలిసిన విద్య ఇది. భక్తులు మాత్రం దీనిని అమ్మవారి పట్టుగానే భావిస్తారు. గణాచారికి, అంటే అమ్మవారు పూని పలికే వ్యక్తికి, పూనకం వచ్చిన సమయంలోనూ గరగ పడకపోవడాన్ని వారు నిదర్శనంగా చూపుతారు.

ఇతర ప్రాంతాలకు వెళితే ఇదే కుండ వేర్వేరు దేవతలను మోస్తుంది. బెంగళూరు కరగ ఉత్సవంలో తిగళ కులస్థులు చైత్ర పౌర్ణమి రాత్రి ద్రౌపదీదేవి శక్తిని కరగంగా మోస్తారు; మోసే పురుషుడు స్త్రీవేషం ధరిస్తాడు, కత్తులు పట్టిన వీరకుమారులు వెంట నడుస్తారు, ఊరేగింపు మస్తాన్ దర్గా దగ్గర ఆగి మరీ ముందుకు సాగుతుంది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికి ముందు ఘటాలు ఊరేగుతాయి. తెలంగాణ బోనాలలో ఘటమూ ఉంది, బోనమూ ఉంది. ఈ రెంటినీ ఒకటిగా పొరబడడం మామూలే: బోనం అమ్మవారికి తీసుకెళ్లే నైవేద్యం, ఘటం అమ్మవారే. గోదావరి గరగకు సాటి వచ్చేది ఘటమే గాని బోనం కాదు.

సముద్రం దాటిన వలస కూలీల వెంట కూడా ఈ కొలుపు వెళ్లింది. 1820ల చివర యానాం నుంచి తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి ద్వీపం బూర్బోన్‌కు, అంటే నేటి రీయూనియన్‌కు పంపారు; భారతదేశం నుంచి ఆ దీవికి సాగిన కూలీ వలసలలో అది తొలినాటిది. 1843లో ‘కొరింగ ప్యాకెట్’ అనే ఓడ కోరంగి నుంచి మారిషస్ చేరింది. అక్కడి తెలుగువారికి కొరింగీలన్న పేరు ఆ రేవు మీదుగానే వచ్చింది. మారిషస్ తెలుగువారు నేటికీ అమ్మోరు పండుగ చేస్తారు. రీయూనియన్‌లో నిప్పులగుండం తొక్కే ఉత్సవాలలో పూలతో ఎత్తుగా కట్టిన కరగాన్ని తలపై మోస్తారు. అక్కడి ఆచారంలో తమిళుల పాత్రే అధికం కనుక దానిని యానాం గరగకు వారసత్వమని చెప్పుకోవడం సరికాదు. ఒకే రేవుల మీదుగా వెళ్లిన మనుషులు ఏది వదిలి ఏది వెంట తీసుకెళ్లారన్నది మాత్రం ఆలోచించదగినదే.

గరగ చుట్టూ అల్లుకున్న కుల వ్యవస్థను విస్మరించి ఈ నృత్యాన్ని వర్ణిస్తే అది సగం చిత్రమే అవుతుంది. గరగ ఎత్తడం చాలా ఊళ్లలో రజకుల హక్కు. డప్పు వాయించేది దళితులు. అమ్మవారి కథ పాడే ఆసాదులది మరో వృత్తి. మట్టి గరగ చేసేది కుమ్మరి. ఏడాది పొడవునా ఊరి చివర నిలబెట్టిన మనుషుల పాదాలకు జాతరనాడు పెద్దిళ్ల ఇల్లాళ్లు పసుపు నీళ్లు పోస్తారు. దీనిని సమానత్వమనడం అతిశయోక్తి. ఆ గౌరవం గరగ దిగగానే దిగిపోతుందని ఆ కులాలవారికి బాగా తెలుసు. అయినా ఊరి దేవత తన వాహనంగా ఎవరిని ఎంచుకున్నదన్న విషయం ఊరి జ్ఞాపకంలో నమోదై ఉంది. ఆ హక్కును వారు తరతరాలుగా పట్టుదలతో నిలుపుకొంటూ వచ్చారు.

ఇటీవలి దశాబ్దాలలో గరగ బృందాలు వినాయక నిమజ్జనాల్లో, నాయకుల స్వాగత ఊరేగింపుల్లో, ప్రభుత్వ సాంస్కృతిక కార్యక్రమాల్లో కూడా కనిపిస్తున్నాయి. వస్తువులను పళ్లతో పట్టి ఎత్తే విన్యాసాలు, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడే దొంతరలు అందులోకి చేరాయి. కళాకారులకు ఇది జీవనాధారం, తప్పుబట్టవలసిన పని కాదు; జాతర ఏడాదికి కొద్ది రోజులే, కడుపు మాత్రం రోజూ అడుగుతుంది. తమిళులు శక్తి కరగాన్నీ, ఆట్ట కరగాన్నీ వేర్వేరు పేర్లతో విడదీసుకొని రెండింటినీ కాపాడుకున్నారు. గోదావరి తీరంలో రెంటికీ గరగ అన్న ఒకే పేరు ఉండడం వల్ల, రాజకీయ సభలో ఆడేదీ, అమ్మవారి గుడి నుంచి బయలుదేరేదీ ఒకటేనన్న భ్రమ బలపడుతున్నది. వేదిక మీది గరగకు తగిన పారితోషికం, గుర్తింపు, పింఛను ఇవ్వవలసిందే. వీధిలో తిరిగే గరగకు మాత్రం కావలసింది వేదిక కాదు, తెరిచి ఉన్న గుమ్మాలు. అపార్ట్‌మెంట్లు పెరిగిన పట్టణాలలో ఆ గుమ్మాలే తగ్గుతున్నాయి.

భీమవరంలో మావుళ్లమ్మ ఉత్సవాలు ఏటా జనవరి 13న మొదలై సుమారు నెల రోజులు సాగుతాయి. పెద్దాపురంలో మరిడమ్మ జాతర ఆషాఢమంతా నడుస్తుంది. కోనసీమ పల్లెల్లో సంక్రాంతి తరువాత, ఉగాది ముందు వెనుకల ఎక్కడో ఒకచోట తీర్థం ఉంటూనే ఉంటుంది. యానాం నుంచి ఎదుర్లంక వారధి దాటితే ఆ కోనసీమ పల్లెలు గంట, గంటన్నర ప్రయాణం. చూడదలచినవారు బాణసంచా, లైట్లు ఉండే చివరి రాత్రికి కాక, అంతకు ముందు రోజుల్లో ఉదయం పూట గరగ వీధుల్లో తిరిగేటప్పుడు వెళ్లాలి. ఫోటో తీసేముందు మోసేవారిని అడగాలి. గరగ తమ ముందు ఆగితే పళ్లెంలో నాలుగు డబ్బులు వేయాలి.